ఫొటోలో లేని ప్రధాని

2024 జూన్ 6, గురువారం. ఫ్రాన్స్ ఉత్తర తీరంలో వెర్ సుర్ మెర్ అనే చిన్న ఊరు. ఊరి పక్కన మిట్ట మీద తెల్లరాతి స్తంభాలు వరసగా నిలబడి ఉంటాయి. నార్మండీ పోరులో బ్రిటిష్ సైన్యాధికారం కింద ప్రాణాలిచ్చిన 22,442 మంది పేర్లు వాటి మీద చెక్కారు. కిందికి చూస్తే సముద్రం, ఇసుక. యుద్ధ పటాల్లో ఆ ఇసుకకు పెట్టుకున్న రహస్య పేరు ‘గోల్డ్ బీచ్’.

సరిగ్గా ఎనభై ఏళ్ల కిందట, 1944 జూన్ 6న, హిట్లర్ ఏలుబడిలో ఉన్న ఐరోపాలోకి మిత్రరాజ్యాల సేనలు అడుగుపెట్టింది ఇలాంటి అయిదు తీరాల మీదుగానే. ఆ ఒక్కరోజే లక్షా యాభై వేల మందికి పైగా దిగారు. పొద్దు గుంకేసరికి నాలుగు వేల నాలుగు వందల మందికి పైగా నేలకొరిగారు. ఆ పోరులో బతికి బట్టకట్టినవాళ్లలో మిగిలిన కొద్దిమంది ఆ ఉదయం చక్రాల కుర్చీల్లో వచ్చి కూర్చున్నారు. అందరూ వందేళ్లకు అటూ ఇటూ ఉన్నవాళ్లే. కోటు మీద పతకాలు. తొంభయ్యో వార్షికోత్సవానికి తాము ఉండమని వాళ్లకు తెలుసు, వచ్చిన నాయకులకూ తెలుసు.

కేన్సర్ చికిత్స తీసుకుంటున్న బ్రిటన్ రాజు చార్లెస్, ఆ జబ్బు బయటపడ్డాక చేసిన మొదటి విదేశీ ప్రయాణం అది. బతికున్న యోధుల సంఖ్య తగ్గిపోతోంది కానీ వాళ్లను తలుచుకోవాల్సిన బాధ్యత మాత్రం తగ్గదని ఆయన ఆ వేదిక మీద అన్నారు. ప్రధాని రిషి సునాక్ కూడా మాట్లాడారు. భార్య అక్షతా మూర్తి వెంట వచ్చారు. ముందురోజు ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మౌత్ సభలోనూ ఆయనే నిలబడి, దాడికి ముందు జనరల్ మాంట్‌గోమరీ సైనికులకు ఇచ్చిన సందేశం చదివారు. ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపడానికి ఏమీ లేదు.

వెర్ సుర్ మెర్ సభ ముగిసింది. మధ్యాహ్నం అక్కడికి సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలో, ఒమాహా బీచ్ దగ్గర, అన్ని దేశాల ఉమ్మడి స్మారక సభ. అమెరికా అధ్యక్షుడు బైడెన్, ఫ్రాన్స్ అధ్యక్షుడు మేక్రాన్, జర్మనీ చాన్సలర్ షోల్జ్, ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ అక్కడికి చేరుతున్నారు. రాజు తరఫున యువరాజు విలియం వెళ్లారు. సునాక్ మాత్రం ఇంటిదారి పట్టారు. తన బదులు విదేశాంగ మంత్రి డేవిడ్ కామెరాన్‌ను ఉంచారు.

పెద్దకర్మకు వచ్చి, విస్తరి వేసేలోపు లేచి వెళ్లిపోయినవాణ్ని మన ఊళ్లలో ఎన్నేళ్లు చెప్పుకుంటారో తెలుసు కదా.

ఆ తొందర ఎక్కడిదో తెలియాలంటే పదిహేను రోజులు వెనక్కి వెళ్లాలి. మే 22న డౌనింగ్ స్ట్రీట్ గుమ్మం ముందు, జోరువానలో గొడుగు లేకుండా నిలబడి, జూలై 4న ఎన్నికలని సునాక్ ప్రకటించారు. గేటు అవతల ఎవరో లేబర్ పార్టీ పాత ప్రచార పాటను మైకులో హోరెత్తించారు. సర్వేల్లో సునాక్ కన్సర్వేటివ్ పార్టీ కంటే లేబర్ దాదాపు ఇరవై పాయింట్ల ముందుంది. నాలుగు రోజులు తిరక్కుండానే పద్దెనిమిదేళ్లు నిండిన యువతకు జాతీయ సేవ తప్పనిసరి చేస్తామని సునాక్ హామీ ఇచ్చారు. దేశభక్తి, సైన్యం, భద్రత, ఇవీ ఆయన ప్రచారానికి వెన్నెముక అనుకున్నవి. జూన్ 3న నైజెల్ ఫరాజ్ రిఫార్మ్ పార్టీ పగ్గాలు పట్టుకుని బరిలోకి దూకారు. ఆ మర్నాడు టీవీలో సునాక్‌కూ లేబర్ నేత కీర్ స్టార్మర్‌కూ ముఖాముఖి జరిగింది. లేబర్ వస్తే కుటుంబానికి 2,000 పౌండ్ల పన్ను భారం పడుతుందని సునాక్ పదేపదే అన్నారు. ఆ లెక్క నిజమా అబద్ధమా అన్నది రెండు రోజుల రచ్చ అయింది. అదే జూన్ 4న మనం ఇక్కడ లోక్‌సభ, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఫలితాల ముందు నుంచి కదల్లేదు కాబట్టి, ఇదంతా మనవాళ్ల దృష్టిలో పెద్దగా పడలేదు.

ఇప్పుడు మళ్లీ ఒమాహాకు.

చక్రాల కుర్చీలో ఉన్న అమెరికన్ వృద్ధ సైనికుడొకరు జెలెన్‌స్కీ చెయ్యి అందుకుని ముద్దు పెట్టుకున్నారు. జెలెన్‌స్కీ వంగి ఆయన్ని కావలించుకున్నారు. టీవీ కెమెరాలకు చిక్కిన ఆ నాలుగు మాటలు ఇలా సాగాయి.

“జనాన్ని కాపాడుతున్నవాడివి నువ్వేనయ్యా!”

“కాదు, కాదు. యూరప్‌ను కాపాడింది మీరు.”

“నా హీరోవి నువ్వు.”

“కాదండీ, మా హీరో మీరే.”

ఏ ప్రచార బృందం కోట్లు పోసినా పుట్టించలేని దృశ్యం అది. ఎనభై ఏళ్ల నాటి యుద్ధమూ, ఆ రోజు నడుస్తున్న యుద్ధమూ ఒకే కుర్చీ దగ్గర కలుసుకున్నాయి. ఉక్రెయిన్‌కు బాసటగా నిలిచిన దేశాల్లో మేమే ముందున్నామని చెప్పుకునే బ్రిటన్ ప్రధాని ఆ దరిదాపుల్లో లేరు. ప్రతిపక్ష నేత స్టార్మర్ ఉన్నారు. జెలెన్‌స్కీతో మాట్లాడారు, ఫొటోలు దిగారు. ఇక సాయంత్రానికి వచ్చిన అసలు ఫొటో వేరే ఉంది: బైడెన్, మేక్రాన్, షోల్జ్, వాళ్ల పక్కన కామెరాన్. ముగ్గురు దేశనేతల వరసలో నాలుగో మనిషి ఎనిమిదేళ్ల కిందట ప్రధాని పదవి వదులుకున్నాయన!

అదే రోజు సునాక్ ఐటీవీ విలేకరి పాల్ బ్రాండ్ ముందు కూర్చున్నారు. రాగానే ఆలస్యానికి క్షమించమన్నారు. నార్మండీలో కార్యక్రమాలు అనుకున్నదానికంటే సాగిపోయాయని చెప్పారు. మాటవరసకు అన్న మాటే అది. సమావేశం నుంచి ఆలస్యంగా వచ్చిన ఏ ఉద్యోగి అయినా అనేదే. కానీ ‘సాగిపోయినది’ ఏమిటో చూసినవాళ్లకు చివుక్కుమంది. ఇంటర్వ్యూలో ప్రధానంగా నడిచినది ఆ 2,000 పౌండ్ల పన్ను లెక్క. అందులో ఒక ముక్క బయటికి రాగానే విషయం గుప్పుమంది. ఆ రోజే కావాలని తాము అడగలేదనీ, ప్రధాని బృందం ఇచ్చిన సమయమే అదనీ ఐటీవీ చెప్పేసింది.

శుక్రవారం పొద్దున్నే సునాక్ ఎక్స్‌లో క్షమాపణ పెట్టారు. బ్రిటిష్ కార్యక్రమం అయ్యాక వచ్చేశానని, ఆలోచిస్తే ఇంకాసేపు ఉండకపోవడం పొరపాటని రాశారు. తర్వాత విలేకరులకు వివరణ ఇచ్చారు: ఈ పర్యటన షెడ్యూలు వారాల కిందటే, ఎన్నికల ప్రకటనకు ముందే ఖరారైంది, ఈ స్మరణను రాజకీయం కమ్మేయకూడదు.

నాకు మాత్రం ఆ రెండు వాక్యాల్లో మొదటిదే కొంప ముంచిందనిపిస్తుంది. నిజమే, షెడ్యూలు ముందే వేసి ఉండొచ్చు. కానీ మే 22న ఎన్నికలు ప్రకటించిన క్షణం నుంచి ప్రధాని డైరీలో ప్రతి గంటకూ అర్థం మారిపోయింది. ఆ డైరీని తెరిచి మళ్లీ చదివే మనిషి ఒక్కడూ లేకపోయాడు. ‘బ్రిటిష్ కార్యక్రమాలకు ప్రధాని, అంతర్జాతీయ కార్యక్రమానికి విదేశాంగ మంత్రి’ అన్న విభజన ఫైలులో చక్కగానే కనిపిస్తుంది. టీవీ ముందు కూర్చున్నవాడికి అలాంటి విభజన ఉండదు. మిగతావాళ్లు ఉన్నారు, మనవాడు లేడు, అంతే.

రాజకీయం కమ్మేయకూడదన్న రెండో మాటకూ పాత కథ ఒకటి ఉంది. 1984లో ఇదే జూన్ 6న, ఇదే నార్మండీలో, పాయింట్ డ్యూ హాక్ కొండకొమ్ము మీద అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ ప్రసంగించారు. అదీ ఎన్నికల ఏడాదే. నలభై ఏళ్ల కిందట తాళ్లు పట్టుకుని ఆ కొండ ఎక్కిన సైనికులే ఎదురుగా కూర్చున్నారు. ప్రసంగం రాసింది పెగ్గీ నూనన్. అమెరికాలో ఉదయం టీవీ కార్యక్రమాల వేళకు అందేలా సమయం కుదుర్చుకున్నారు. ఆగస్టులో డల్లాస్ పార్టీ మహాసభలో వేసిన చిత్రంలో ఆ కొండా ఉంది, ఆ ముసలి సైనికులూ ఉన్నారు. నవంబరులో రీగన్ యాభై రాష్ట్రాల్లో నలభై తొమ్మిది గెలిచారు. ఒక్క ప్రసంగంతో గెలిచారని కాదు. అమరుల దగ్గరికి వెళ్లిన నాయకుడికి ఓట్ల లెక్క ఉండదనుకోవడం మన అమాయకత్వం. రీగన్ ఆ లెక్కతోనే వెళ్లారు, కానీ చివరిదాకా నిలబడ్డారు. సునాక్ లెక్క లేదన్నారు, మధ్యలో లేచారు.

నార్మండీలో పోరాడిన ఓ వృద్ధుడు స్కై న్యూస్ వాళ్లతో, ప్రధాని దేశం పరువు తీశాడని బాధగా చెప్పారు. శుక్రవారం రాత్రి బీబీసీలో ఏడు పార్టీల చర్చ. కన్సర్వేటివ్‌ల తరఫున వచ్చినావిడ పెన్నీ మోర్డాంట్. చార్లెస్ పట్టాభిషేకంలో బరువైన ఖడ్గాన్ని నిటారుగా పట్టుకుని నిలబడినావిడే. నౌకాదళం రిజర్వులో పనిచేశారు, కొన్నాళ్లు రక్షణ మంత్రి, పోటీ చేస్తున్నది పోర్ట్స్‌మౌత్ నార్త్ నుంచి. అలాంటి మనిషి సొంత ప్రధానిని వెనకేసుకు రాగలదా? జరిగింది పూర్తిగా తప్పనీ, ఆయన క్షమాపణ చెప్పడమే సబబనీ తేల్చేశారు.

ఫరాజ్ ఊరుకోలేదు. జూన్ 6న తాను సొంత హోదాలో నార్మండీ వెళ్లానని ముందే చాటుకున్నారు. సునాక్‌కు మన చరిత్ర, మన సంస్కృతి అర్థం కావని ఇప్పుడు అన్నారు. ఆ ‘మన’లో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నది అందరికీ వినిపించింది. లేబర్ నాయకులు సైతం అది తగని మాటన్నారు. తర్వాత గుచ్చి అడిగితే, తాను చెప్పింది వర్గం గురించి, సంపన్నుల ధోరణి గురించి అని ఆయన సర్దుకున్నారు. యుద్ధాల్లో కామన్వెల్త్ దేశాల పాలు ఎంతో తనకు తెలుసని కూడా చెప్పారు.

తెలిస్తే మంచిదే. రెండో ప్రపంచ యుద్ధంలో ఇరవై అయిదు లక్షల మంది భారతీయులు యూనిఫాం వేసుకున్నారు. సునాక్ తాతముత్తాతలది పంజాబ్. ఆయన పుట్టింది సౌతాంప్టన్‌లో, అంటే 1944 జూన్ 6 నాటి సేనలు ఓడలెక్కిన ముఖ్యమైన రేవుల్లో ఒకచోట. ఆ చరిత్ర ఆయన పుట్టిన వీధుల్లోనే ఉంది. సునాక్ చేసిన తప్పు ఏ రంగు ప్రధాని చేసినా తప్పే. దాన్ని పట్టుకుని పుట్టుకను తవ్వడం వేరే సంగతి. సునాక్‌ను ఇన్ఫోసిస్ అల్లుడని మురిసిపోయిన మనవాళ్లు చాలామంది ఆ రెండింటినీ కలిపేసి, మొత్తంగా ఆయన్ని వెనకేసుకొచ్చారు. అదీ సరికాదు.

శనివారం సునాక్ విలేకరులకు దొరక్కుండా తిరిగారు. ఆదివారం, ప్రధాని రాజీనామా చేసి పోవడం లేదని ఆయన మంత్రే టీవీలో చెప్పాల్సి వచ్చింది. జూన్ 12న, గన్నవరం దగ్గర కేసరపల్లిలో చంద్రబాబు ప్రమాణస్వీకారం చేసిన రోజున, ఐటీవీ ఆ ఇంటర్వ్యూను పూర్తిగా వేసింది. చిన్నప్పుడు ఏమేం లేక గడిపారని అడిగితే, చాలా ఉన్నాయంటూ చివరికి ఆయన చెప్పిన పేరు డబ్బు కట్టి చూసే స్కై టీవీ. ఆ ఏడాది సండే టైమ్స్ సంపన్నుల జాబితాలో సునాక్ దంపతుల ఆస్తి 65.1 కోట్ల పౌండ్లు! నార్మండీ వదిలి వచ్చింది ఈ మాట చెప్పడానికా అని దేశం నవ్వింది, ఆ నవ్వులో కోపమూ ఉంది.

2019లో 365 స్థానాలు గెలిచిన కన్సర్వేటివ్ పార్టీ జూలై 4న 121కి పడిపోయింది. లేబర్‌కు 411. ఒమాహా లేకపోయినా ఆ ఓటమి తప్పేది కాదు, పునాదులు ఎప్పుడో కదిలాయి. ఫరాజ్ ఎనిమిదో ప్రయత్నంలో పార్లమెంటు గడప తొక్కారు. జరిగింది తప్పని ముఖాన చెప్పిన మోర్డాంట్, పోర్ట్స్‌మౌత్‌లో వెయ్యి ఓట్ల లోపు తేడాతో ఓడిపోయారు. సునాక్ మాత్రం రిచ్‌మండ్ అండ్ నార్తలర్టన్ నుంచి పన్నెండు వేల పైచిలుకు మెజారిటీతో నెగ్గారు. బ్రిటిష్ సైన్యపు అతి పెద్ద స్థావరాల్లో ఒకటైన కాటరిక్ ఆ నియోజకవర్గంలోనే ఉంది.