విశాఖకు లక్ష ఇచ్చిన నేల మనది



పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడల్లా మనలో ఒక మాట వినబడుతుంది: "ఈ కొండ ఊళ్ల పిల్లలకు చదువు మీద శ్రద్ధ లేదు." ఆ మాట అనే ముందు మన చరిత్ర ఒకసారి తిరగేద్దాం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయింది. కొరాపుట్ జిల్లా పుట్టిందీ ఆ రోజే. అంతకు ముందు రోజు దాకా మనం విశాఖపట్నం జిల్లా వాళ్లం. ఆ కాలంలో జయపురం మహారాజు విక్రమదేవ వర్మ, స్వయంగా తెలుగు కవి, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరే ఉంది. మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా.

కానీ ఆ సంస్థానం ఆదాయం ఎక్కడిది? మన రైతు కట్టిన శిస్తు, మన అడవి రాబడి. ఆంధ్ర ప్రాంతానికి 1926లో విశ్వవిద్యాలయం వస్తే, జయపురానికి కాలేజీ 1947లో గానీ రాలేదు. ఆ ఆలస్యం ఇంకా మనల్ని వదల్లేదు. 2011 జనాభా లెక్కల్లో ఒడిశా అక్షరాస్యత సుమారు 73 శాతం. కొరాపుట్, 1992లో దాని నుంచి విడిపోయిన రాయగడ, రెండూ 50 శాతం లోపే. ఆడవాళ్లలో అయితే 40 కూడా లేదు.

దీనికి తోడు భాష. మన పిల్లాడు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. కొండ మీద కంధ పిల్లకు ఇంట్లో కువి. ప్రాథమిక దశలో అమ్మభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956లోనే చేరింది. అయినా మొదటి రెండేళ్లు పాఠం అర్థం కాకుండానే గడిచిపోయే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. అమ్మానాన్నలు కూలికి వెళితే చంటిపిల్లల్ని చూసుకోవడానికి పెద్దపిల్ల బడి మానేస్తుంది. సునాబెడ, దామన్‌జోడి టౌన్‌షిప్‌లలో ఉద్యోగుల పిల్లలకు ఈ బెడద లేదు. జిల్లా ఒకటే, మొదలుపెట్టే చోటు మాత్రం వేరు.

కాబట్టి ఈసారి మంచి మార్కులు వచ్చినవాళ్లకు శాలువాలు కప్పడంతో సరిపెట్టొద్దు. చిన్న తరగతుల పిల్లలకు సాయంత్రం పూట ఒక గంట చదువు చెబుదాం. మన పిల్లలతో పాటు కంధ, పరజ పిల్లల్నీ కూర్చోబెడదాం. ఆ లక్షలో వాళ్ల తాతల చెమట కూడా ఉంది.