రుబ్బిన పప్పు, ఉడికించిన గింజ: గారె నుంచి రాజ్మా కట్లెట్ దాకా

నర్సీపట్నం దాటి లంబసింగి ఘాటెక్కి చింతపల్లి వైపు వెళితే మన్యంలో చలికాలపు పంటగా రాజ్మా కనిపిస్తుంది. గిరిజన రైతులు కొన్ని దశాబ్దాలుగా దానిని పండిస్తున్నారు. ఆ ఎర్రని గింజలు కొండ దిగి మన వంటిళ్లకు చేరి, ఇటీవల క్యారెట్టు, బీన్సు, బంగాళాదుంపలతో కలిసి కట్లెట్లుగా మారుతున్నాయి. బజారు చిరుతిళ్లకు బదులు పిల్లలకు ఇంట్లో ఇటువంటివి చేసిపెట్టడం మెచ్చుకోదగిన పని. అయితే ఈ కట్లెట్టును గారె పద్ధతిలో చేయవచ్చునా అన్న ప్రశ్న ఒకటుంది. దానికి సమాధానం ఆ గింజల చరిత్రలోనే దొరుకుతుంది.

పప్పును ముద్దచేసి, తట్టి, నూనెలో వేయించడం మనకు అనాదిగా తెలిసిన విద్య. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో సంస్కృతంలో రచించిన మానసోల్లాసం రాజభోజనాలను విపులంగా వర్ణించింది. మినుములను రుబ్బి నూనెలో వేయించిన ఘారికలు, పెరుగులో నానవేసిన వటకాలు అందులో ఉన్నాయి. మన గారెకు, ఆవడకు అవి ఎంత దగ్గరివో వేరే చెప్పనక్కరలేదు. కూరలను కలపడమూ మనవారికి కొత్త కాదు. అరటిపువ్వు గారెలు, మునగాకు వడలు, బూడిదగుమ్మడి కలిపిన మినప వడియాలు ఆ కోవలోనివే.

ఈ వంటలన్నిటిలో ఒక సమాన లక్షణం ఉంది. పప్పును నానబెడతారు, పచ్చిదానినే రుబ్బుతారు, నూనెలో వేయిస్తారు. ముందుగా ఉడికించడం అన్నది లేదు. ఈ పద్ధతి మన ఒక్కరిదే కాదు. మన వైపు బొబ్బర్లనీ, సీమలో అలసందలనీ పిలిచే గింజ పుట్టినిల్లు ఆఫ్రికా. అది మన దేశానికి వచ్చి మూడు వేల ఏళ్లు దాటింది. పశ్చిమాఫ్రికాలో దానినే నానబెట్టి, పొట్టు తీసి, పచ్చిగా రుబ్బి, నూనెలో వేయించి ‘అకారా’ అంటారు. బానిసలుగా బ్రెజిల్‌కు తరలించబడిన ఆఫ్రికన్లు ఆ వంటను తమతో తీసుకువెళ్లారు. అక్కడ దాని పేరు ‘అకరజే’. దానిని చేసి అమ్మే బహియా స్త్రీల వృత్తిని 2005లో బ్రెజిల్ తన జాతీయ సాంస్కృతిక వారసత్వంగా నమోదు చేసింది. మన బొబ్బర గారెకు, ఆ అకరజేకు గింజ ఒక్కటే, పద్ధతీ ఒక్కటే. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని చెప్పడానికి ఆధారం అవసరం లేదు. గింజ స్వభావమే ఇద్దరికీ ఒకే దారి చూపి ఉంటుందని నా అభిప్రాయం.

రాజ్మా వచ్చిన దారి వేరు. దాని జన్మస్థానం మెక్సికో, ఆండీస్ పర్వత ప్రాంతాలు. కొలంబస్ ప్రయాణాల తరువాతనే, అంటే 15వ శతాబ్దం చివరి నుంచి, అది సముద్రాలు దాటి ఐరోపాకూ ఆసియాకూ చేరింది. బంగాళాదుంపదీ ఇంచుమించు ఆ కథే. అది మనకు ఏ దారిన వచ్చిందో పేరే చెబుతోంది. ఇక కట్లెట్ అనేది ఫ్రెంచి మాట. మొదట్లో ఎముకతో కూడిన మాంసపు ముక్కకు ఆ పేరు. ఇంగ్లీషువారి వెంట మన దేశానికి వచ్చి, కాఫీ హోటళ్లలోనూ రైళ్లలోనూ ఉడికించి మెదిపిన కూరముద్దగా రూపం మార్చుకుంది. 1890లలో తూర్పుతీరపు రైలుమార్గం పడింది. మన ఊరికి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరాన ఉన్నా, ‘నర్సీపట్నం రోడ్’ అన్న స్టేషను ఆ మార్గంలోనిదే. రైలులో రెండు రొట్టెముక్కలతో కట్లెట్ తిననివారు మన తరంలో అరుదు.

కట్లెట్ పద్ధతిలో ఉడికించడం ముందు, మెదపడం తరువాత. రాజ్మాకు కావలసినది సరిగ్గా ఇదే.

పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లూటినిన్ అనే లెక్టిన్ ఉంటుంది. ఇది ఎర్రరక్తకణాలను గుంపుకట్టించే మాంసకృత్తు. కడుపులోకి వెళితే పేగుల లోపలి పొరను దెబ్బతీస్తుంది. మినుములలో, బొబ్బర్లలో దీని వంటి లెక్టిన్ల ప్రభావం చాలా తక్కువ. అందుకే తరతరాలుగా పచ్చిగా రుబ్బి వేయించినా ఎవరికీ హాని కలగలేదు. ఎర్ర రాజ్మాలో అయితే నాలుగైదు పచ్చి గింజలే చాలు. తిన్న ఒకటి నుంచి మూడు గంటలలో తీవ్రమైన వికారం, వాంతులు, ఆపై విరేచనాలు మొదలవుతాయి. సాధారణంగా కొన్ని గంటలలో తగ్గిపోతాయి. కానీ పసిపిల్లలలో, వృద్ధులలో నీరు కోల్పోవడం ప్రమాదకరం. ఓఆర్‌ఎస్ పట్టిస్తూ వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి.

ఇది వైద్యశాస్త్రం దృష్టికి బాగా వచ్చినది బ్రిటన్‌లో. 1976లో విహారానికి వెళ్లిన పాఠశాల బాలురు నానబెట్టిన పచ్చి గింజలు తిని జబ్బుపడ్డారు. అటువంటి సంఘటనలను క్రోడీకరించి 1980లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ వ్యాసం ప్రచురించింది. సన్నని వేడిమీద గంటల తరబడి ఉడికించే విద్యుత్ పాత్రలలో వండినవారూ బాధితులయ్యారు. గింజకు 80 డిగ్రీల వేడి మాత్రమే తగిలితే విషగుణం తగ్గకపోగా పెరగవచ్చునని కూడా తేలింది. రాజ్మాను గారెపిండిలా పచ్చిగా రుబ్బి, మందంగా తట్టి, పెనంమీద కొద్ది నూనెతో కాల్చితే జరిగేది ఇటువంటిదే. పైన ఎర్రగా వేగుతుంది, నడిమి భాగం వెచ్చబడి ఊరుకుంటుంది. ఆరోగ్యమని నూనె తగ్గించేవారికే ఈ ముప్పు ఎక్కువ కావడం విచిత్రం.

కనుక గింజలను రాత్రంతా నానబెట్టి, ఆ నీటిని పారబోసి, కొత్త నీటిలో కనీసం అరగంట బాగా మరగనివ్వాలి. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి వంటి చోట నీరు 97 డిగ్రీలకు అటూఇటూగానే మరుగుతుంది కాబట్టి ఇంకొంతసేపు ఉంచాలి. ప్రెషర్ కుక్కర్ ఉంటే ఈ చింత లేదు. వేళ్ల మధ్య నొక్కితే గింజ మెత్తగా నలగాలి.

మూత్రపిండం ఆకారంలో ఉంది గనుక ఈ గింజ మూత్రపిండాలకు మంచిదని నమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి దీనిలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడిగి తినాలి.

ఉడికిన గింజలను నీరు వంచి మెదిపి, ఆవిరిమీద మగ్గించిన క్యారెట్టు, బీన్సు, తరిగిన ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర కలపాలి. మధుమేహం ఉన్న ఇంట్లో బంగాళాదుంప తగ్గించి, ముద్ద పట్టుకోవడానికి కాస్త అటుకుల పొడి చేర్చవచ్చు. తట్టిన బిళ్లలను ఫ్రిజ్‌లో పెట్టి మరునాడు కాల్చుకున్నా ఫరవాలేదు. గింజ అప్పటికే ఉడికి ఉంది కనుక లోపలి దాకా వేడెక్కి, రెండువైపులా ఎర్రబడితే చాలు.