దాపరికం లేని ప్రకటన, దాగిన కథ

ఒక సంస్థ తనను గురించి ప్రజలకు ఏమి చెప్పవలెను, ఎట్లా చెప్పవలెను, ప్రజల అభిప్రాయాన్ని ఎట్లా తెలుసుకోవలెను అని విచారించే విద్యకు పౌరసంబంధాలు అని పేరు. అది ఒక వృత్తిగా రూపొందినది 20వ శతాబ్దారంభంలో, అమెరికాలో. పత్రికా విలేఖరిగా పనిచేసిన ఐవీ లీ 1906లో తన సూత్రాలను ప్రకటించినాడు. సంస్థల తరపున పత్రికలకిచ్చే సమాచారం బహిరంగంగాను, యథార్థంగాను ఉండవలెనన్నది వాటి సారాంశం. సూత్రం మంచిదే. కాని నిజం చెబితే వ్యాపారానికే నష్టం కలిగే సందర్భం వచ్చినప్పుడు ఈ విద్య ఏమి చేస్తుంది? ఈ ప్రశ్నకు సిగరెట్టు చరిత్రలో ఒక సమాధానం దొరుకుతుంది.

ఊపిరితిత్తుల రాచపుండు, అనగా కేన్సరు, 20వ శతాబ్దం మొదట్లో అరుదైన వ్యాధి. సిగరెట్టు వాడుకతో పాటు అదికూడ పెరిగింది. 1950లో అమెరికాలో వైద్య విద్యార్థి ఎర్నెస్ట్ విండర్, శస్త్రవైద్యుడు ఎవార్ట్స్ గ్రాహం కలిసి 684 మంది రోగుల వివరాలు ప్రకటించినారు. అదే సంవత్సరం ఇంగ్లండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే శాస్త్రజ్ఞులు లండన్ ఆసుపత్రులలోని రోగులను పరిశీలించినారు. ఉభయులకూ ఒకే ఫలితం వచ్చినది: ఎక్కువగా సిగరెట్లు తాగేవారిలోనే ఈ వ్యాధి ఎక్కువ. 1953 చివర విండర్, గ్రాహం, వారి సహచరులు సిగరెట్టు పొగనుండి తీసిన తారును చుంచెలుకల వీపులపై పూయగా, 44 శాతం ఎలుకలకు కేన్సరు వచ్చినది. ఈ వార్త పత్రికల కెక్కగానే సిగరెట్టు వ్యాపారులు కలవరపడినారు.

1953 డిసెంబరులో న్యూయార్కు నగరంలోని ప్లాజా హోటలులో పెద్ద కంపెనీల అధిపతులు సమావేశమైనారు. పౌరసంబంధాలలో పేరుమోసిన జాన్ హిల్‌ను సలహా కోరినారు. శాస్త్రాన్ని నేరుగా కాదనడం వలన ప్రయోజనం లేదని ఆయన గ్రహించినాడు. కాదనడం కంటె, మరింత పరిశోధన కావలెనని కోరడం మేలు! కంపెనీలే పరిశోధనకు ధనమిస్తే, ప్రజల ఆరోగ్యం పట్ల వాటికి శ్రద్ధ ఉన్నట్లు కనిపిస్తుంది. తీర్పు కూడ వాయిదా పడుతుంది.

ఆ ప్రకారమే 1954 జనవరి 4వ తేదీన అమెరికాలో 400కు పైగా పత్రికలలో ఒక ప్రకటన వెలువడినది. సిగరెట్టు తాగేవారితో దాపరికం లేకుండా మాట్లాడుతున్నామని దాని శీర్షిక భావం. ప్రజల ఆరోగ్యమే తమకు ముఖ్యమని, ఒక పరిశోధక సంఘాన్ని స్థాపిస్తున్నామని కంపెనీలు అందులో వాగ్దానం చేసినవి. సంఘానికి శాస్త్రవ్యవహారాల అధిపతిగా జన్యుశాస్త్రజ్ఞుడు క్లారెన్స్ కుక్ లిటిల్ వచ్చినాడు. సంఘం ఇచ్చిన ధనంలో చాలభాగం వ్యాధుల మూలతత్త్వాలను గురించిన పరిశోధనలకు వెళ్ళినది. సిగరెట్టు హానికరమా అన్న అసలు ప్రశ్నకు దక్కినది స్వల్పం.

ఈ ఉపాయం ఎందుకు ఫలించిందో విద్యార్థులు గమనించవలెను. శాస్త్రంలో ఏ నిర్ణయమూ చిట్టచివరిది కాదు; సందేహమే పరిశోధనకు తల్లి. ఐతే శాస్త్రజ్ఞుని సందేహం సాక్ష్యం పెరిగినకొద్దీ తగ్గుతుంది. కంపెనీల సందేహం మాత్రం ఎంత సాక్ష్యం వచ్చినా తగ్గలేదు. రెండు పక్షాల మాటలూ ప్రచురించడం ధర్మమనుకొన్న పత్రికలు ఈ తేడాను గుర్తించలేకపోయినవి. 1953, 1954లలో కొంత తగ్గిన సిగరెట్టు వాడుక తిరిగి పెరిగినది. గ్రాహం తానూ చాలకాలం సిగరెట్లు తాగినవాడే; 1957లో ఊపిరితిత్తుల కేన్సరుతోనే మరణించినాడు. 1964 జనవరిలో అమెరికా ప్రభుత్వ వైద్యాధిపతి నివేదిక ధూమపానం పురుషులలో ఈ వ్యాధికి కారణమని ధ్రువపరచినది. అప్పటికి ప్రకటన వెలువడి పదేళ్ళు గడచినవి.

లోపలి సంగతులు బయటపడడానికి ఇంకా చాలకాలం పట్టినది. 1990లలో జరిగిన వ్యాజ్యాల ఫలితంగా కంపెనీల ఆంతరంగిక పత్రాలు బహిర్గతమైనవి. ఇప్పుడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో గ్రంథాలయంలో అటువంటివి కోటికి పైగా ఉన్నవి, ఎవరైనా చదువుకోవచ్చును. సందేహమే తమ సరుకు అని 1969లోనే ఒక కంపెనీ పత్రంలో వ్రాసుకొన్నారు. చరిత్రకారుడు రాబర్ట్ ప్రాక్టర్ ఈ పత్రాలను శోధించి, అజ్ఞానాన్ని ఎట్లా తయారుచేస్తారో తెలిపే అధ్యయనానికి దారితీసినాడు.

నేటి పరిశోధన మరొక అడుగు వేసినది. 1960లలో మనశ్శాస్త్రజ్ఞుడు విలియం మెక్‌గ్వైర్, మశూచికి టీకా వలె, మోసపుమాటలకు కూడ మనస్సును ముందుగా సిద్ధపరచవచ్చునని సూచించినాడు. 2017లో కుక్, లెవాండోస్కీ, ఎకర్ అనే పరిశోధకులు దీనిని వాతావరణ మార్పు విషయంలో పరీక్షించినారు. నిపుణులుగా కనిపించేవారిని ముందు నిలిపి ప్రజలను నమ్మించే పద్ధతిని పాత సిగరెట్టు ప్రకటన ఉదాహరణగా ముందే వివరించినారు. అట్లా విన్నవారిపై తరువాత చూపిన తప్పుడు సమాచారం అంతగా పనిచేయలేదు. ఉపాధ్యాయులకు ఇది ఉపయోగపడే సంగతి: ఒక్కొక్క అబద్ధాన్ని ఖండించడం కంటె, అబద్ధం అల్లే పద్ధతిని తరగతిలో విప్పిచూపడం మేలు చేయవచ్చును.

పొగాకు మనకు దూరపు విషయం కాదు. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉన్నది. సిగరెట్టు పెట్టెలపై హెచ్చరిక ముద్రించవలెనని మన దేశంలో 1975లో చట్టం వచ్చినది.

2006లో న్యాయమూర్తి గ్లాడిస్ కెస్లర్, కంపెనీలు ప్రజలను మోసగించినవని తీర్పు చెప్పినారు. అప్పీళ్ళ తరువాత, 2017 నవంబరులో కంపెనీలు తమ ఖర్చుతో పత్రికలలోను, టెలివిజనులోను సవరణ ప్రకటనలు చేయవలసివచ్చినది. మొదటి ప్రకటనకు, సవరణకు నడుమ 63 సంవత్సరాలు. పౌరసంబంధాల విద్య శక్తి ఎంతటిదో, ఆ శక్తి సత్యానికి దూరమైతే ప్రజలు చెల్లించే మూల్యం ఎంతటిదో ఆ 63 సంవత్సరాలే చెబుతున్నవి.