గంటల లెక్క యాప్‌కి ఏ ఫ్రేమ్‌వర్క్? కాస్త పాత కథ

కేరమ్ డౌన్స్ గోడౌన్లలో మాతో పనిచేసే తమ్ముళ్లు చాలామంది స్టూడెంట్ వీసా మీదే ఉన్నారు. 2023 జూలై 1 నుంచి, క్లాసులు నడిచే రోజుల్లో ఫోర్ట్‌నైట్‌కి 48 గంటలు దాటకూడదు. ఆ ఫోర్ట్‌నైట్ ఏ సోమవారమైనా మొదలవుతుంది. అంటే పక్కపక్క రెండు వారాలు ఏవి కలిపినా 48 లోపే ఉండాలి. మా జీతం వారమేమో గురువారం మొదలు. పేస్లిప్ నమ్ముకున్న ఒక తమ్ముడికి, సోమవారం నుంచి లెక్కేస్తే 53 తేలింది. వీసా పోతుందేమోనని వాడు చాలా రోజులు సరిగ్గా తిండే తినలేదు. అందుకే మేం నలుగురం యాప్ మొదలుపెట్టాం.

సగం మందికి ఆండ్రాయిడ్, సగం మందికి ఐఫోన్, రూములో ఒక పాత విండోస్ లాప్‌టాప్. మాలో కోడింగ్ వచ్చింది ఇద్దరికే, వాళ్లకీ నైట్ షిఫ్టులు. మూడుసార్లు రాసే ఓపిక ఎవరికుంది? ఒకసారి రాస్తే అన్నిట్లో నడవాలి. యూట్యూబ్‌లో అందరూ ఏది ఫాస్టో చెప్తున్నారు. మేం మాత్రం ఏది ఎన్నాళ్లు బతికింది అని వెతికాం.

ఒకసారి రాసి అన్నిచోట్లా నడపాలన్న ఆశ 1995లో సన్ కంపెనీ జావాతోనే ఉంది. ఫోన్లు వచ్చాక ఫోన్‌గ్యాప్ వచ్చింది. 2011లో అడోబీ దాన్ని కొన్నది, 2020లో మూసేసింది. జామరిన్‌ని 2016లో మైక్రోసాఫ్ట్ కొన్నది. అప్పటికి సీఈఓ మన హైదరాబాద్ సత్య నాదెళ్లే. 2024 మే 1న దానికి సపోర్ట్ ఆపేసి, మావీకి మారమన్నారు. అద్దె ఇల్లు అమ్ముడుపోయాక కొత్త ఓనరు ఖాళీ చేయమన్నట్టే, మనకది కొత్తేం కాదు కదా.

క్యూట్ కథ వేరు. నార్వేలో ట్రోల్‌టెక్ అనే చిన్న కంపెనీ చేసింది. 2008లో నోకియా కొన్నది. 2011లో నోకియా విండోస్ ఫోన్ వైపు తిరిగింది, 2012లో క్యూట్‌ని డిజియాకి అమ్మేసింది. ఇన్ని చేతులు మారినా అది చావలేదు. 1998లోనే కేడీఈ వాళ్లు ట్రోల్‌టెక్‌తో ఒక ఒప్పందం రాయించుకున్నారు: పన్నెండు నెలల్లో కొత్త ఉచిత వెర్షన్ ఇవ్వకపోతే, ఉన్న కోడ్‌ని ఎవరైనా వాడుకునే లైసెన్స్ కింద వదిలేయొచ్చని. ఓనరు మంచోడని నమ్మి కూర్చోలేదు, ముందే కాగితం మీద పెట్టించారు. మాకు బాగా నచ్చింది ఇదే.

మన అక్షరాల సంగతి కూడా చూడాలి. 2018 ఫిబ్రవరి గుర్తుందా? 'జ్ఞా' ఒక రకంగా టైపయి వస్తే ఐఫోన్లో యాప్‌లు కుప్పకూలేవి. అక్షరాలు గీసే ఆపిల్ సాఫ్ట్‌వేర్‌లో తప్పు అది, 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. రియాక్ట్ నేటివ్ అక్షరాలు గీసే పని ఫోన్‌కే వదిలేస్తుంది. ఫ్లట్టర్ తనే గీసుకుంటుంది, అందుకని తెలుగు ఫాంట్‌ని యాప్‌లోనే పెట్టేస్తే మన ఒత్తులు మూడు చోట్లా ఒకేలా కనిపిస్తాయి.

చివరికి ఫ్లట్టరే తీసుకున్నాం. విండోస్‌లో 2022 నుంచి పక్కాగా నడుస్తోంది. భయం లేదని కాదు, 2024లో గూగుల్ ఆ టీమ్‌లోనూ కొందరిని తీసేసింది. కానీ కోడ్ ఓపెన్‌గా ఉంది. గంటలన్నీ మామూలు ఎస్‌క్యూలైట్ ఫైల్లో దాస్తున్నాం, రేపు ఇల్లు మారినా సామాను మనదే. 48 లెక్క కట్టే ముక్కని కూడా స్క్రీన్లతో కలపకుండా విడిగా రాశాం.

ఐఫోన్ తమ్ముళ్లు కోప్పడొద్దు. దానికి మ్యాక్ కావాలి, ఏడాదికి 99 అమెరికన్ డాలర్లు కావాలి. అప్పటిదాకా బ్రౌజర్లో తెరవండి. ఈ ఆదివారం రూముకి వచ్చేటప్పుడు మీ పాత రోస్టర్లు తెండి, ఆ 53 గంటల తమ్ముడి లెక్కతోనే మొదలుపెడదాం.