అంతర్జాతీయ తాళం

1999లో నేను కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్నప్పుడు మా రూము దగ్గర సందులో ఒక నెట్ సెంటరు ఉండేది. గంటకి నలభై రూపాయలు. నలుగురం తలా పది వేసుకుని, ఒక్కో కుర్చీలో ఇద్దరేసి సర్దుకుని కూర్చునేవాళ్ళం. అప్పటి నెట్‌స్కేప్ బ్రౌజరులో దాని వివరాలు చెప్పే పేజీ ఒకటి ఉండేది. ఈ ప్రోగ్రాములో "ఇంటర్నేషనల్ సెక్యూరిటీ" ఉందని అందులో రాసి ఉండేది. అది చదివి మేము తెగ మురిసిపోయాం. మన ఊళ్ళలో ఇంటర్నేషనల్ అన్న మాట స్కూలుకి తగిలించినా, హోటలుకి తగిలించినా అది గొప్పదని లెక్క కదా! ఇంకేం, మన ఈమెయిళ్ళకి ప్రపంచస్థాయి భద్రత ఉందనుకున్నాం.

అసలు సంగతి అమెరికా వచ్చాక, 2004లో తెలిసింది. ఆఫీసులో నా పక్క క్యూబికిల్‌లో కూర్చునే ఒక పెద్దాయన ఏదో మాటల సందర్భంలో చెప్పాడు. ఆ బ్రౌజరు రెండు రకాలుగా వచ్చేదట. అమెరికా, కెనడా వాళ్ళకి 128 బిట్ల తాళం ఉన్నది. మిగతా ప్రపంచానికి 40 బిట్ల తాళం ఉన్నది. ఆ రెండో రకం సరుకు పేరే "ఇంటర్నేషనల్". "మీకు పంపింది మేము కావాలంటే తెరవగలిగే తాళం" అని నవ్వాడాయన. నేనూ నవ్వాను గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తాళం కథ ఏమిటో తెలుసుకోవాలని అప్పటినుంచి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. ఆ కథే ఇది.

ముందు 40 బిట్లంటే ఏమిటో చూద్దాం. సూట్‌కేసుకి మూడంకెల తాళం ఉంటే, 000 నుంచి 999 దాకా వెయ్యి సంఖ్యలు తిప్పి చూస్తే ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకుంటుంది. 40 బిట్ల తాళానికి అలాంటి సంఖ్యలు సుమారు లక్షా పదివేల కోట్లు. మనిషికి అది జన్మలో తరిగే లెక్క కాదు. కంప్యూటరుకి మాత్రం అదేమంత పని కాదు. 1995 ఆగస్టులో ఫ్రాన్సులో డమియెన్ డోలిజెజ్ అనే పరిశోధకుడు, తనకి అందుబాటులో ఉన్న కంప్యూటర్లను ఖాళీగా ఉన్నప్పుడు వాడుకుని, నెట్‌స్కేప్ 40 బిట్ల తాళం ఒకటి ఎనిమిది రోజుల్లో తెరిచి చూపించాడు. ఒక్క బిట్టు పెంచితే పని రెట్టింపవుతుంది. అలా 128 దాకా పోతే, ప్రపంచంలో ఉన్న కంప్యూటర్లన్నీ కలిసి కూర్చున్నా తెమిలే పని కాదు.

మరి గట్టి తాళం చెయ్యడం తెలిసి కూడా నాసిరకం ఎందుకు పంపారు? ఎందుకంటే అమెరికా చట్టంలో ఎన్‌క్రిప్షన్, అంటే మాటకి తాళం వేసి పంపే విద్య, ఆయుధాల జాబితాలో ఉండేది. తుపాకులు, ఫిరంగులు, యుద్ధవిమానాలు ఉన్న జాబితాలోనే! రెండో ప్రపంచయుద్ధంలో శత్రువుల రహస్య సంకేతాలను ఛేదించడం ఎంత పనికొచ్చిందో చూసినవాళ్ళు చేసిన ఏర్పాటది. ఆ విద్య సైన్యాల చేతిలోనే ఉన్నంతకాలం ఎవరికీ ఇబ్బంది కలగలేదు. 1976లో డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు, ముందుగా కలుసుకోని ఇద్దరు మనుషులు కూడా నలుగురూ వినేచోటే రహస్యపు తాళంచెవి కుదుర్చుకోవచ్చని లెక్కలతో నిరూపించారు. ఆ తరవాత పర్సనల్ కంప్యూటర్లొచ్చాయి. ఫిరంగి ఇంట్లో పెట్టుకోలేం గాని, లెక్క ఇంట్లో చేసుకోవచ్చు. చిక్కంతా అక్కడే మొదలైంది.

1991లో కొలరాడోలో ఉండే ఫిల్ జిమర్‌మన్ అనే ప్రోగ్రామరు పి.జి.పి. అనే ప్రోగ్రాము రాసి ఉచితంగా వదిలాడు. ఈమెయిలుకి సామాన్యుడు సైతం గట్టి తాళం వేసుకోవచ్చు. అది ఇంటర్నెట్టులో పడి దేశదేశాలకీ పాకింది. 1993లో ఆయన మీద ఆయుధాల ఎగుమతి నేరం కింద దర్యాప్తు మొదలైంది. ఏ కేసూ పెట్టకుండానే 1996 జనవరిలో దాన్ని మూసేశారు. మధ్యలో మూడేళ్ళపాటు జైలు భయం మాత్రం ఆయన నెత్తిమీద వేలాడుతూనే ఉంది. ఈలోగా 1995లో ఎం.ఐ.టి. ప్రెస్సువారు ఆ ప్రోగ్రామునంతా పుస్తకంగా అచ్చువేశారు. పుస్తకం ఎగుమతికి అడ్డు లేదు మరి! తరవాతి వెర్షనుని 1997లో ఆరువేలకి పైగా పేజీల పుస్తకాలుగా అచ్చువేసి యూరప్‌కి పంపితే, అక్కడివాళ్ళు పేజీ పేజీ స్కాన్ చేసి మళ్ళీ ప్రోగ్రాముగా మార్చుకున్నారు.

ఈ తమాషాని అధికారుల నోటనే చెప్పించినవాడు ఫిల్ కార్న్ అనే ఇంజనీరు. బ్రూస్ ష్నయర్ రాసిన ఎన్‌క్రిప్షన్ పాఠ్యపుస్తకాన్ని విదేశాలకి పంపవచ్చా అని 1994లో అడిగాడు. నిరభ్యంతరంగా పంపమన్నారు. ఆ పుస్తకంలో అచ్చయిన ప్రోగ్రాములే ఫ్లాపీలో పెట్టి మళ్ళీ అడిగాడు. కుదరదు, అది ఆయుధం అన్నారు. కాగితం మీద ఉంటే చదువు, ఫ్లాపీ మీద ఉంటే ఫిరంగి.

ఈ విషయం కోర్టులో తేల్చుకోవాలని నిలబడినవాడు డేనియల్ బెర్న్‌స్టైన్. బర్క్‌లీలో గణితంలో పరిశోధన చేస్తున్న కుర్రాడు. తను కనిపెట్టిన పద్ధతినీ, దాని ప్రోగ్రామునీ ప్రచురించుకోవచ్చా అని అడిగితే, ముందు ఆయుధాల వ్యాపారిగా పేరు నమోదు చేసుకుని లైసెన్సు తెచ్చుకోవాలన్నారు. 1990లో పుట్టిన ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అతని వెనక నిలిచింది. సిండీ కోన్ అనే న్యాయవాది వాదించింది. 1996 ఏప్రిల్‌లో న్యాయమూర్తి మెరిలిన్ హాల్ పటేల్, ప్రోగ్రాము రాయడం కూడా మాట్లాడటమేననీ, ప్రోగ్రామింగు భాషకీ జర్మనుకీ ఫ్రెంచికీ ఈ విషయంలో చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనబడటం లేదనీ తేల్చింది. 1999 మేలో అప్పీలు కోర్టు కూడా బెర్న్‌స్టైన్ పక్షానే తీర్పిచ్చింది. దాన్ని మరింత పెద్ద ధర్మాసనం మళ్ళీ వినాలనుకుంటూ ఉండగానే, 2000 జనవరిలో ప్రభుత్వం నిబంధనలు సడలించింది.

ఇంకొక కేసు మనవాళ్ళు ప్రత్యేకం తెలుసుకోవలసింది. క్లీవ్‌లాండులో కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చెప్పే పీటర్ జంగర్, తన విద్యార్థుల కోసం కొన్ని ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాములు వెబ్‌సైటులో పెట్టాలనుకున్నారు. అది కూడా ఎగుమతేనన్నారు. పైగా ఆ నిబంధనల్లో, సరుకు ఓడ ఎక్కితేనే ఎగుమతి అని లేదు. అమెరికా గడ్డమీదే ఒక విదేశీయుడికి సాంకేతిక వివరం తెలియజేసినా ఎగుమతి కిందకే వచ్చేది. ఆ రోజుల్లో రెండు సూట్‌కేసులతో ఎం.ఎస్. చదవడానికి దిగిన మన పిల్లలు కూడా ఆ "విదేశీయుడు" అన్న మాటలో ఉన్నవాళ్ళే. 2000 ఏప్రిల్‌లో ఆరో సర్క్యూట్ కోర్టు జంగర్ కేసులోనూ ప్రోగ్రాముకి వాక్ స్వాతంత్ర్యపు రక్షణ ఉందని చెప్పింది. జంగర్ తన హక్కు కోసమే వెళ్ళినా, ఫలితం మనకీ దక్కింది.

ఇదంతా జరుగుతుండగానే ప్రభుత్వం మధ్యేమార్గం అనుకుని మరో ఉపాయం చేసింది. 1993 ఏప్రిల్‌లో క్లిప్పర్ అనే చిప్పు ప్రకటించింది. ఫోనులో అది పెట్టుకుంటే తాళం గట్టిదే, కాని దాని మారు తాళంచెవి రెండు ముక్కలు చేసి రెండు ప్రభుత్వ శాఖల దగ్గర ఉంచుతారు. కోర్టు అనుమతిస్తేనే రెండూ కలుపుతారు. వినడానికి బాగానే ఉంది. 1994లో బెల్ ల్యాబ్స్ పరిశోధకుడు మాట్ బ్లేజ్, ప్రభుత్వానికి దారిచూపే భాగాన్ని ఏమార్చి, తాళాన్ని మాత్రం వాడుకోవచ్చని చూపించాడు. దొంగ తప్పించుకుంటాడు, పెద్దమనిషి దొరికిపోతాడు. ఆ చిప్పుని కొన్నవాళ్ళు పెద్దగా లేరు. రెండు మూడేళ్ళకే మూలపడింది.

మన దేశంలో ప్రభుత్వమేమీ ఇందుకు భిన్నంగా లేదు. ఇంటర్నెట్టు కంపెనీలకిచ్చిన లైసెన్సుల్లో, అనుమతి లేకుండా 40 బిట్లు దాటరాదని షరతు పెట్టింది. 2001లో రిజర్వు బ్యాంకేమో, నెట్ బ్యాంకింగుకి కనీసం 128 బిట్లుండాలని చెప్పింది. రెంటినీ ఒకేసారి పాటించడం ఎలాగో అడిగినవాడు లేడు, చెప్పినవాడు లేడు. 2015 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం, పౌరులు తాము పంపిన సందేశాల మామూలు ప్రతిని 90 రోజులు దాచిపెట్టుకోవాలని ఒక ముసాయిదా విధానం తెచ్చింది. గొడవ కావడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది.

2000తో కథ ముగిసిందనే నేనూ అనుకున్నాను. 2015 మార్చి మొదటివారంలో ఒక సాయంత్రం మా ఆఫీసులో అందరికీ అత్యవసర సందేశం వచ్చింది. ఫ్రీక్ అనే లోపం బయటపడింది. చట్టం మారి పదిహేనేళ్ళయినా, ఎగుమతి కోసం చేసిన ఆ నాసిరకం తాళాన్ని ప్రోగ్రాముల్లోంచి ఎవరూ పూర్తిగా పీకెయ్యలేదు. పాత బ్రౌజర్లతో మాట్లాడటానికి పనికొస్తుందని అలా ఉంచేశారు. మధ్యలో దూరినవాడు, గట్టి తాళం వెయ్యబోతున్న ఇద్దరిని మాయచేసి ఆ పాత తాళం వేసుకునేలా చేస్తాడు. దాన్ని తెరవడానికి అప్పటికి కొన్ని గంటలు, సుమారు వంద డాలర్ల అద్దె కంప్యూటర్లు చాలు. పరిశోధకులు ఈ లోపాన్ని ప్రదర్శించి చూపిన సైట్లలో, ఒకప్పుడు ఎన్‌క్రిప్షన్‌ని అదుపులో ఉంచాలని పట్టుబట్టిన ఎన్.ఎస్.ఎ. వారిది కూడా ఒకటి. ఎవరు తీసిన గోతిలో వారే పడటమంటే ఇదే.

రెండు రాత్రులు కూర్చుని మా సర్వర్ల సెట్టింగులన్నీ ఒక్కటొక్కటే తెరిచి, "ఎక్స్‌పోర్ట్" అని ఉన్న వరసలన్నీ తీసేశాను. వాటిలో ఆసుపత్రుల లెక్కలు చూసే సర్వర్లున్నాయి, జీతాలు పంపేవి ఉన్నాయి. కాకినాడ నెట్ సెంటరులో మాకు అంటగట్టిన తాళమే, పదహారేళ్ళ తరవాత అమెరికాలో ఎవరి జబ్బుల వివరాలకో కాపలా కాస్తోంది!

ఆ పాఠం తరవాత కూడా నేర్చుకున్నట్టు లేదు. ఫోన్ కంపెనీలన్నీ ప్రభుత్వం వినడానికి వీలుగా తమ వ్యవస్థల్లో ఏర్పాటు చెయ్యాలని అమెరికాలో 1994లో ఒక చట్టం చేశారు. చైనాకి చెందిన హ్యాకర్లు ఆ కంపెనీల్లోకి చొరబడి, కోర్టు ఆదేశాలతో ప్రభుత్వం అడిగిన సమాచారంలో కొంత కూడా కాజేశారని 2024లో బయటపడింది. ఆ డిసెంబరులో ప్రభుత్వపు సైబర్ భద్రతా సంస్థే, ముఖ్యమైన పదవుల్లో ఉన్నవాళ్ళు ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లే వాడాలని సలహా ఇచ్చింది. అయినా కోరికలు ఆగలేదు. సందేశం మొదట ఎవరు పంపారో చెప్పి తీరాలన్న భారతదేశపు 2021 నిబంధనల మీద వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకెళ్ళింది. 2025 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థ, బ్రిటనులో కొత్తగా చేరేవాళ్ళకి తన క్లౌడులోని అతిగట్టి రక్షణను ఇవ్వడం మానేసింది.

మొన్న ఇండియా వెళ్ళినప్పుడు మా బావగారితో ఇదంతా చెప్పాను. ఆయన పోలీసు శాఖలో చేసి రిటైరయ్యారు. అంతా విని, "ఏవయ్యా, ఆడపిల్ల కనబడటంలేదని తల్లి వచ్చి స్టేషన్లో కూర్చుంటుంది. పిల్ల ఫోను మా చేతిలోనే ఉంటుంది, తెరుచుకోదు. ఆ తల్లికి నన్నేం చెప్పమంటావు?" అన్నారు.

తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదది. ఫోను ఏ టవరు పరిధిలో ఉందో, ఎవరెవరికి కాల్ వెళ్ళిందో తెలుస్తుంది కదా, కోర్టులున్నాయి కదా, దర్యాప్తుకి ఇతర దారులున్నాయి కదా అన్నాను. కొన్నిసార్లు అవేవీ చాలవని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ నష్టం నిజం. చివరికి ఒకటే చెప్పగలిగాను. "బావగారూ, మేము చెయ్యనంటున్నది కాదు, మాకు చేతకానిది. మీకు తెరుచుకుని దొంగకి తెరుచుకోని తాళం చెయ్యడం ఇంతవరకూ ఎవరికీ రాలేదు. చేశామన్నవాళ్ళవన్నీ బద్దలయ్యాయి. ఆ పిల్ల ఇంకా ఇంట్లో క్షేమంగా ఉన్నప్పుడు, ఆమె ఎక్కడికెళ్తోందో, ఎవరితో మాట్లాడుతోందో వెధవలెవరూ చూడకుండా ఆపేది కూడా ఈ తాళమే."

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఒప్పుకున్నారని నేను అనుకోవడం లేదు. సాయంత్రం మాత్రం పెన్షను బ్యాంకు యాప్ ఏదో మొరాయిస్తోందని ఫోను నా చేతికిచ్చారు. నేను సరిచేస్తుంటే పక్కనే కూర్చుని, "దీనికి ఏ తాళం వేశారు? గట్టిదేనా?" అని అడిగారు. గట్టిదేనని, ఇప్పుడు అమెరికా వాళ్ళకీ మనకీ ఒకటే తాళమని చెప్పాను. పాతికేళ్ళ కిందటైతే ఆ మాట చెప్పగలిగేవాణ్ణి కాదు.