థేమ్స్ ఒడ్డుకు తిరిగొచ్చిన పిట్టలు



లండన్‌లో మనవాళ్లకు థేమ్స్ అంటే టవర్ బ్రిడ్జి, పడవ షికారు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో ఫోటోలు. నాకు మాత్రం థేమ్స్ అంటే నగరానికి తూర్పున రైన్‌హమ్ దగ్గరి బురద! వారమంతా కంప్యూటరు ముందు కూర్చునే ఐటీ కన్సల్టెంటుని కదా, సెప్టెంబరు వస్తే శనివారాలు అక్కడికే పోతాను.

సముద్రం పాటు వేళ నీరు తీసేసి బురద బయటపడుతుంది. దానిమీద డన్లిన్ అనే చిన్న పిట్టలు గుంపులుగా వాలతాయి. మన ఉల్లంకి పిట్టల కోవకు చెందినవే. ఆ గుంపులో ఎగిరినప్పుడు తోక మొదట్లో తెల్లగా మెరిసిందంటే అది కర్లూ శాండ్‌పైపర్. సైబీరియా ఉత్తరపు కొసన పుట్టి ఆఫ్రికాకు పోతూ దారిలో ఇక్కడ ఆగుతుంది. ఒకటీ అరా కనిపిస్తే ఆ రోజు పండగే. ఇదే జాతి పిట్టలు చలికాలంలో మన పులికాట్‌కూ, కోరింగకూ వస్తాయి.

అయితే ఈ బురదలో వీటికి తిండి దొరకడం వెనక పెద్ద కథే ఉంది. 1858 వేసవిలో థేమ్స్ కంపుకు పార్లమెంటే అల్లాడిపోయింది. బాజల్‌గెట్ అనే ఇంజనీరు భూమిలోపల పెద్ద కాలువలు కట్టి ఊరి మురుగును తూర్పున బెక్టన్, క్రాస్‌నెస్‌ల దాకా తెచ్చి నదిలో వదిలించాడు. ఊరు బాగుపడింది, కానీ కంపు కిందికి జరిగింది, అంతే. 1878 సెప్టెంబరు 3న ప్రిన్సెస్ ఆలిస్ అనే పడవ ఆ మురుగునీళ్లలోనే మునిగి 600 మందికి పైగా పోయారు. యుద్ధకాలపు బాంబులకు మురుగు వ్యవస్థ ఇంకా దెబ్బతింది. 1957లో నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్లు ఈ నదిలో జీవం పోయిందని తేల్చేశారు.

అక్కడితో వదిలేస్తే కథ ముగిసేది. వదల్లేదు. 1960లలో క్రాస్‌నెస్‌లో, 70లలో బెక్టన్‌లో మురుగుశుద్ధి కేంద్రాలను బాగుచేశారు. నీళ్లలోకి ఆక్సిజన్ తిరిగొచ్చింది. బురదలో పురుగులు పెరిగాయి, వాటికోసం బాతులు, ఉల్లంకులు వేలల్లో దిగాయి. హారిసన్, గ్రాంట్ అనే ఇద్దరు దీనిమీద 1976లో పుస్తకమే రాశారు.

పక్కనున్న రైన్‌హమ్ చిత్తడినేల అప్పట్లో సైన్యం తుపాకులు పేల్చే మైదానం. 1989లో అక్కడ థీమ్ పార్కు కడతామన్నారు, కట్టలేదు. 2000లో పక్షుల సంరక్షణ సంస్థ ఆర్.ఎస్.పి.బి. కొని, 2006లో జనానికి తెరిచింది. 2012 సెప్టెంబరులో బెయిలన్స్ క్రేక్ అనే బుల్లి నీటికోడి అక్కడ కనిపిస్తే, దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి నిలబడ్డారు. అరుదైన పిట్ట అదృష్టం కొద్దీ వచ్చిందంటాం గానీ, అది వాలడానికి చోటు మిగిల్చింది మనుషులే కదా!

పని పూర్తయిందనుకోకండి. గట్టి వాన పడితే మురుగు పొంగి నదిలో కలుస్తూనే ఉండేది. అందుకే 25 కిలోమీటర్ల కొత్త సొరంగం తవ్వి 2025లో వాడకంలోకి తెచ్చారు.

హైదరాబాదు వెళ్లినప్పుడు మూసీ మాటెత్తితే, "అదింకేం నది లెండి" అంటారు మా బంధువులు. 1957లో లండన్ వాళ్లూ థేమ్స్ గురించి ఆ మాటే అనుకుని ఉంటారు. చచ్చిందన్న నదికి ఇరవై ఏళ్లలో పిట్టలు తిరిగొచ్చాయి. మూసీకి మాత్రం ఎందుకు రాకూడదండీ?