బొమ్మిడాయి

బొమ్మిడాయి (శాస్త్రీయ నామం: మాస్టసెంబెలస్ ఆర్మేటస్) పాము వలె పొడవైన శరీరము గల మంచినీటి చేప. చూచుటకు ఈల్‌ను పోలియున్నను ఇది నిజమైన ఈల్ కాదు; మాస్టసెంబెలిడే కుటుంబమునకు చెందినది. దక్షిణాసియా, ఆగ్నేయాసియా నదులలో నివసించును. వీపుపై విడివిడిగా ముళ్ళుండును. గోదావరి జిల్లాలలో బొమ్మిడాయిల పులుసు ప్రసిద్ధము.

ఆక్వేరియంలో పెంపకం

దుకాణములలో జానెడు పిల్లగా లభించినను ఇది 90 సెం.మీ. వరకు పెరుగగలదు. కావున తొట్టిని పిల్ల పొడవును బట్టి కాక, పెరిగిన చేప పొడవును బట్టి ఎంచుకొనవలెను. ఇది పగలు ఇసుకలో దాగి, రాత్రి ఆహారము వెదకుకొనును. పదునైన గులకరాళ్ళు చర్మమును గాయపరచును గనుక అడుగున మెత్తని ఇసుక పరచవలెను. వానపాములు, పురుగులు దీని ఆహారము. నోట పట్టు చిన్న చేపలను మ్రింగివేయును. కొద్దిపాటి సందు దొరికినను తొట్టి నుండి జారిపోయి, నేలపై ఎండి మరణించును. అందుచేత మూత బిగుతుగా ఉండుట తప్పనిసరి.